రెండో చీటీ

కొత్త కంప్యూటర్ రావాలంటే ముందు పాత బల్ల ఖాళీ కావాలి. మా ఇంట్లో ఆ బల్ల కంప్యూటర్ బల్లగా కొలువు చేయబట్టి పాతికేళ్లు కావస్తోంది. నాకంటే ముందు ఉద్యోగంలో కుదురుకున్నది ఇంట్లో అదొక్కటే. మొన్న ఆదివారం పొద్దున్నే దాని సొరుగులు లాగి నేలమీద చతికిలబడ్డాను. దేనివో తెలియని తీగలు, ఏ తాళానివో తెలియని తాళంచెవులు, నేను గట్టెక్కని పరీక్షల హాల్ టికెట్లు, అన్నీ ఒకదాన్నొకటి వాటేసుకుని ఉన్నాయి. వాటి చిక్కులు విడదీస్తుండగా షాపు నుంచి ఫోన్ వచ్చింది. "సార్, మీ బాక్స్ రెడీ అండి. విండోస్ పది వేయమంటారా, పదకొండా? కొత్తది పదకొండేనండి, కానీ అలవాటుపడ్డ పాతవాళ్లు పదే కావాలంటున్నారండి" అన్నాడతను. నన్ను పాతవాళ్ల లెక్కలో వేసినందుకు నొచ్చుకునే వయసు కూడా దాటిపోయాను కాబట్టి, సాయంత్రంలోగా చెప్తానని పెట్టేశాను.

అడుగు సొరుగులో బాగా లోపలికి చెయ్యి పెడితే గుండ్రటి వక్కపొడి డబ్బా ఒకటి తగిలింది. మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. చెంచా కాడతో తీశాను. లోపల సగం అగ్గిపెట్టెంత నల్లటి ప్లాస్టిక్ ముక్క, దానికి ఒక పక్క సన్నటి సూదులు, ఇంకో పక్క సన్నటి కన్నాలు. చూడగానే గుర్తుపట్టాను. దాని కింద నాలుగు మడతలు పెట్టిన చిన్న కాగితం, ఒక మూల పసుపు మరక. దాన్నీ గుర్తుపట్టాను. ఆ కాగితం ఎప్పుడో గోదాట్లో కలిసిపోయి ఉండాలి. కలిసిపోయిందన్న ధైర్యంతోనే నేను ఇన్నేళ్లుగా మా అత్తయ్య ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాను.

ఆ కాగితం గురించి చెప్పాలంటే ముందు మా నాన్న గురించి చెప్పాలి. ఆయనకి ఎవరినీ కాదనడం చేతకాదు. కూరలబ్బాయి దగ్గర్నుంచి బంధువుల దాకా ఎవరేమన్నా "అదీ నిజమే" అనేవారు. అలాంటి మనిషి ఇంటికి పెద్ద కావడంతో, తీర్పులు చెప్పే పని దేవుడికి అప్పజెప్పారు. గోడలకి లేతపసుపు వేయించాలా, లేతనీలమా, ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు వస్తే అమ్మ తరఫువాళ్ల పెళ్లికి వెళ్లాలా, ఆయన తరఫువాళ్లదానికా, నేను ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలి, అన్నిటికీ చీట్లే. శుక్రవారం పొద్దున్న, అగరొత్తుల పొగ ఇంకా గదిలోనే తచ్చాడుతుండగా, కోరుకొండ నరసింహస్వామి పటం ముందు ఇత్తడి పళ్లెంలో పసుపు బియ్యం పోసి, దానిమీద రెండు చీట్లు ఉంచేవారు. రాసేది ఇంట్లో చిన్నవాణ్ణి కాబట్టి నేను. తీసేది పెద్దది కాబట్టి అత్తయ్య. స్వామివారికి ఇంగ్లీషు శ్రమ ఎందుకని తెలుగులోనే రాయాలి. అన్నిటికంటే గట్టి నియమం ఇంకోటుంది. తీసిన చీటీ చదవాలి; తీయని చీటీ విప్పకూడదు. విప్పితే దేవుణ్ణి అనుమానించినట్టు. దాన్ని మడత మడతగానే పూజలో వాడిన పూలతో కలిపి గోదావరిలో వదిలేయాలి. స్వామివారు నాకు ఇంటర్లో లెక్కలు ఇచ్చారు. ఫలితాలు చూశాక, ఆయన కూడా ఆ రెండో చీటీ విప్పి చూసుంటే బాగుండేదని నాకు అనిపించింది.

సుభద్రత్తయ్య మా నాన్నకి అక్క. మామయ్య పోయాక మా ఇంటికొచ్చేసింది. ముప్పయ్యేళ్లు ఒక ప్రభుత్వాఫీసులో తెలుగు టైపిస్టుగా చేసి రిటైరయింది. రిటైరయింది ఆవిడే, ఆవిడ వేళ్లు కాలేదు. ఎవరైనా మాట్లాడుతుంటే కుర్చీ చేతి మీదో, బల్ల అంచు మీదో వేళ్లు కదిలిస్తూ విన్నదంతా టైపు కొట్టేది. మాట నచ్చకపోతే వేళ్లు ఆగిపోయేవి. ఆవిడ పొగిడినప్పటి కంటే వేళ్లు ఆగినప్పుడే మేము ఎక్కువ జాగ్రత్తపడేవాళ్లం. ఆదివారం వస్తే గీతల నోటుబుక్కు, మరచెంబుతో మంచినీళ్లు, రెండు అరటిపళ్లు సంచిలో వేసుకుని పాటల వేటకి బయల్దేరేది. ఒక వారం నిడదవోలు పాసింజరు, ఒక వారం ద్రాక్షారామం బస్సు. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, ఊడుపు పాటలు, ముసలివాళ్ల నోట మిగిలినవన్నీ రాసుకొచ్చేది. సముద్రం వైపు పల్లెలో మంగమ్మగారని ఒకావిడ, వల బాగుచేస్తూ తప్ప పాడేది కాదట. అవతలి కొస ఎవరైనా పట్టుకోవాలట. అత్తయ్య నాలుగు ఆదివారాలు వల పట్టుకుని కూర్చుని, పాటలతోపాటు వల అల్లడం కూడా నేర్చుకుని, చీర కుచ్చెళ్లలో చేపల వాసనతో ఇంటికొచ్చింది. అమ్మ ముక్కు మూసుకుని వేణ్ణీళ్లు పెట్టింది. మరుసటేడు మంగమ్మగారు పోయారు. ఆ పాటలు ఇక అత్తయ్య నోటుబుక్కులోనే మిగిలాయి.

వాటిని అచ్చులో పెట్టాలని ఆవిడ ఆశ. మా వీధి చివర భాస్కరరావుగారి డీటీపీ కొట్టు ఉండేది. ఆయన శుభలేఖలకి ఈవిడ ప్రూఫులు దిద్దిపెట్టేది. బదులుగా మధ్యాహ్నం ఖాళీగా ఉన్న మిషను మీద ఈవిడ పాటలు టైపు చేసుకునేది. అలా మూడేళ్లు. ఈలోగా ఊరంతా ఇలాంటి కొట్లే వచ్చి, శుభలేఖల పని తగ్గి, భాస్కరరావుగారు కొట్టు మూసేశారు. పోతూపోతూ తెలుగు అక్షరాల సీడీ, పాటలన్నీ ఎక్కించిన సీడీ, ఈ నల్ల ముక్క అత్తయ్య చేతిలో పెట్టారు. "ఈ లాకు వెనకాల గుచ్చితేనే మీ తెలుగు తెరుచుకుంటుందండి. విండోస్ తొంభై ఎనిమిదిలో అయితేనే. కొత్తగా వచ్చిన ఎక్స్‌పీలో ఇది పలకదండి. మర్చిపోకండేం" అని రెండుసార్లు చెప్పారు. అత్తయ్య కూడా ఇంట్లో కాఫీల దగ్గర రెండుసార్లు చెప్పింది. నాన్న రెండుసార్లూ "అదీ నిజమే" అన్నారు.

అప్పుడు నాకు పాతికేళ్లు. డిగ్రీ అయి, ఒక కంప్యూటర్ కోర్సు అయి, నిరుద్యోగపర్వంలో ఉన్నాను. ఇంట్లో కంప్యూటర్ ఉంటే ఇటు నాకు ఉద్యోగం, అటు అత్తయ్యకి పాటలు, రెండూ సాగుతాయని నాన్న ఒప్పుకున్నారు. కొనడం వరకు ఏ గొడవా లేదు. ఏది వేయించాలన్న దగ్గరే ఇల్లు రెండయింది. షాపులో నేను ఎక్స్‌పీ చూశాను. తెర మీద పచ్చటి గుట్ట, పైన నీలాకాశం, తెల్లటి మబ్బులు. గడప దాటితే కనుచూపు మేర పచ్చదనమే ఉన్న సీమలో పుట్టి, ఆ బొమ్మలోని గడ్డి చూసి పడిపోయినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. పక్కన బూడిదరంగు తొంభై ఎనిమిది మా ఊరి సర్కారీ ఆఫీసుల గోడల్లా కనబడింది. ఇంటికొచ్చి మాత్రం ఇప్పుడన్ని కంపెనీలూ ఎక్స్‌పీయే అడుగుతున్నాయని చెప్పాను. నన్ను అప్పటికి ఏ కంపెనీ ఏమీ అడగలేదు.

"కిటికీలే కదరా, గాలి ఏ కిటికీలోంచి వస్తే ఏంటి?" అన్నారు నాన్న.

"ఒక కిటికీ తెరుచుకోదు తమ్ముడూ. అదీ గొడవ" అంది అత్తయ్య.

"అదీ నిజమే" అన్నారు నాన్న. అని, శుక్రవారం ఎప్పుడా అని క్యాలెండర్ వైపు చూశారు.

ఆ శుక్రవారం నేను చీట్లు రాయడానికి ఇదే బల్ల దగ్గర కూర్చున్నాను. మొదటి చీటీ మీద ఎక్స్‌పీ అని రాశాను. రెండోది ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వంటింట్లో అమ్మ పోపు వేసిన చప్పుడు, ఇంగువ వాసన ఇప్పటికీ గుర్తు. అప్పటిదాకా దేంట్లోనూ నేను కోరుకున్న చీటీ రాలేదు, ఈసారైనా రావాలి అన్నది నాకు నేను చెప్పుకున్న సమర్థన. రెండో చీటీ మీద కూడా ఎక్స్‌పీ అని రాశాను. అత్తయ్య తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని వచ్చి, కళ్లు మూసుకుని ఒకటి తీసింది. విప్పి చదివింది. అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపు చూసింది. ప్రూఫులు దిద్దే అలవాటులే అనుకున్నాను. "ఎక్స్‌పీ" అని పైకి చెప్పి, రెండో చీటీని పూలతోపాటు కవర్లో వేసుకుని, చెప్పులేసుకుని రేవుకి వెళ్లింది. తిరిగొచ్చాక నాన్న "కలిపేశావా అక్కయ్యా?" అని అడిగితే "ఆఁ, కలిపేశాను" అంది. నేను ఊపిరి వదిలాను.

కంప్యూటర్ వచ్చింది. పచ్చటి గుట్ట వచ్చింది. అత్తయ్య నల్ల ముక్కని వెనకాల గుచ్చింది, సీడీ పెట్టింది. భాస్కరరావుగారు చెప్పినట్టే అది పలకలేదు. పాటల ఫైలు తెరిస్తే మంగమ్మగారి వల పాటలన్నీ ఇంగ్లీషు అక్షరాలుగా, సున్నాలుగా, కొక్కేలుగా కనబడ్డాయి. అత్తయ్య ఒకసారి కిందిదాకా చూసి, లేచి, నోటుబుక్కు తెచ్చుకుని మళ్లీ పెన్నుతో రాయడం మొదలుపెట్టింది. ఆవిడ తిట్టుంటే తట్టుకునేవాణ్ణి. కానీ ఆ వారం భోజనాల దగ్గర చూస్తే, బల్ల అంచు మీద ఆవిడ వేళ్లు కదలడం లేదు. నేను పచ్చటి గుట్ట ముందు కూర్చుని పేకముక్కల ఆట ఆడేవాణ్ణి. నాలుగు రోజులకి ఆ గడ్డి నాకు వాడిపోయినట్టు కనబడింది.

పదో రోజో, పదకొండో రోజో, దేవీచౌక్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే సత్తిబాబు కొట్టుకి వెళ్లాను.

"ఏంటి గురువుగారూ, ఊరంతా పాతది తీసి కొత్తది వేయించుకుంటుంటే మీరు కొత్తది తీసి పాతది వేయమంటున్నారు? ఎవరైనా శాపం పెట్టారా?" అన్నాడు.

"ఇంకా పెట్టలేదు. పెట్టేలోపు రెండూ ఉండేలా చేయొచ్చా?"

"ఆయ్, భేషుగ్గా చేయొచ్చండి. పొలానికి మధ్యలో గట్టేసి రెండు మడులు చేసినట్టు, లోపల డిస్కుని రెండు చేస్తామండి. ఒక మడిలో అది, ఒక మడిలో ఇది. కాకపోతే మొత్తం తుడిచేసి మొదట్నుంచి వేయాలి."

సీడీ ఇచ్చి ఎలా వేయాలో చెప్పాడు. నేను కోర్సు చేసినవాణ్ణన్న గర్వంతో సగమే విన్నాను. ఇంటికొచ్చి ముందు ఎక్స్‌పీ వేశాను, పక్కన తొంభై ఎనిమిది వేశాను. ఎక్స్‌పీ మాయమైంది. తుడిచి మళ్లీ అలాగే వేశాను. మళ్లీ మాయం. ఎర్రటి ఎండలో రెండుసార్లు సైకిలు తొక్కి మళ్లీ సత్తిబాబు దగ్గరకి వెళ్తే, వాడు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని అన్నాడు, "మీ ఇంట్లో పంక్తి వేస్తే ముందు ఎవర్ని కూచోబెడతారండి? పెద్దవాళ్లనే కదా? ఇదీ అంతేనండి. ముందు పాతది కూచోవాలి, తర్వాత కొత్తది. కొత్తదానికి పాతది పక్కనుందని తెలుస్తుంది, జరిగి చోటిస్తుంది. పాతదానికి కొత్తది ఒకటుంటుందనే తెలీదు పాపం, దాని విస్తరి కూడా ఎత్తేస్తుంది." నేను చేసిన కోర్సులో ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

మూడోసారికి కుదిరింది. మిషను ఆన్ చేస్తే నల్లటి తెర మీద రెండు వరుసలు, ఏది కావాలో చెప్పమని అడుగుతూ. ముప్పై సెకన్లు ఆగుతుంది. చెప్పకపోతే తనకి తోచింది తెస్తుంది. "అత్తయ్యా, ఒకసారి ఇలా రా" అని పిలిచి, తొంభై ఎనిమిది తెరిచి, నల్ల ముక్క గుచ్చి, ఫైలు తీశాను. వల పాటలు వత్తులతో సహా, దీర్ఘాలతో సహా బయటికొచ్చాయి. అత్తయ్య నిలబడే మొదటి పాట మొత్తం చదివింది. "మూడో చరణంలో అచ్చుతప్పుంది. లే, దిద్దుతాను" అంది. నేను కుర్చీ ఖాళీ చేశాను. ఆ పూట భోజనాల దగ్గర నాన్న ఏదో చెప్తుంటే బల్ల అంచు మీద వేళ్లు టకటకా ఆడాయి. రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇంట్లో పొద్దు అలాగే మొదలైంది. స్టీలు గ్లాసులో కాఫీతో అత్తయ్య వచ్చేది, మీట నొక్కేది, నల్ల తెర అడిగేది, ఆవిడ బాణం గుర్తుని ఒక మెట్టు కిందికి దించేది. ఆవిడ లేచాక నేను మళ్లీ ఆన్ చేసి పైమెట్టు ఎక్కేవాణ్ణి. నాకు ఉద్యోగం వచ్చింది. వచ్చిన చోట వాళ్లు ఏ విండోసూ అడగలేదు, పాఠం చెప్పడం వచ్చా అని అడిగారు. తర్వాత ఎక్కడైనా చదవగలిగే తెలుగు అక్షరాలు వచ్చాయి. పాటలన్నిటినీ వాటిలోకి మార్చుకున్నాం, రెండు వేసవులు పట్టింది. మార్పిడిలో ఎగిరిపోయిన వత్తులన్నిటినీ అత్తయ్యే ఏరి పెట్టింది. పుస్తకమూ వచ్చింది. నాన్న మొదటి ప్రతి స్వామివారి పటం దగ్గర పెట్టి, "చూశావా అక్కయ్యా, ఆ రోజు చీటీలో ఆయన ఏదిచ్చినా మనకి మంచే జరిగింది" అన్నారు. నేను తల వంచుకున్నాను. ఆయన పోయేదాకా ఆ సంగతి ఆయనకి చెప్పలేకపోయాను. ఇప్పటి మిషన్లు ఎవర్నీ ఏమీ అడగవు. మనం పక్కకెళ్లి వచ్చేసరికి వాటంతట అవే మారిపోయి, అంతా మన మంచికేనంటాయి. ఆ ముప్పై సెకన్ల నల్ల తెర మర్యాద తెలిసిన మనిషిలా ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

మొన్న ఆదివారం, నేలమీద కూర్చునే, ఆ చీటీ విప్పాను. విప్పకూడదన్న నియమం చీటీకే కానీ నా నేరానికి కాదనుకున్నాను. ఎక్స్‌పీ. నా రాతే. అయితే దానిమీద పెన్సిలుతో ఒక అడ్డగీత ఉంది. పక్కన, అంచులో, ప్రూఫులు దిద్దేవాళ్లు రాసినట్టు చిన్నగా, స్పష్టంగా, తొంభై ఎనిమిది అని ఉంది.

అత్తయ్య వసారాలో వాలుకుర్చీలో ఉంది. ఎనభై దాటాయి. పొద్దున్న పేపరొస్తే ఇప్పటికీ పెన్సిలు పుచ్చుకుని తప్పులు దిద్దాకే ఇంకొకళ్లకి ఇస్తుంది. చీటీ ఆవిడ ఒళ్లో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని చూసింది.

"దొరికిందా? ఎక్కడ పెట్టానా అని రెండేళ్లుగా వెతుకుతున్నాను."

"విప్పావా అత్తయ్యా?"

"విప్పకుండా దిద్దుతారేంట్రా?"

"ఎప్పుడు?"

"ఆ రోజే. రేవు మెట్ల మీద కూర్చుని. నీ రాత నాకు తెలీదూ? మామూలుగా కోడి కెలికినట్టుంటుంది. ఆ చీటీ మీద మటుకు శుభలేఖలాగ రాశావు. తప్పు పని చేసేటప్పుడే మనిషి అంత చక్కగా రాస్తాడు సూరీ. ఆఫీసులో ముప్పయ్యేళ్లు చూశాను."

"మరి నన్నొక్క మాట అడగలేదేం?"

"అడిగితే ఏమయ్యేది? నువ్వు ఏడ్చేవాడివి. మీ నాన్న అన్నం మానేసేవాడు. పాటలు ఎలాగూ తెరుచుకునేవి కావు. నువ్వే చెప్తావని పది రోజులు చూశాను. చెప్పలేదు. ఆ తర్వాత ఎండలో సైకిలేసుకుని సత్తిబాబు కొట్టు చుట్టూ తిరిగావు. సరేలే, చెప్పేశాడనుకున్నాను." పేపరు మడిచి పక్కన పెట్టింది. "పైగా నేను మాత్రం? గోదాట్లో కలిపేశానని మీ నాన్నకి చెప్పలా? నీదొకటి, నాదొకటి. సరికి సరి."

పాతికేళ్లు మోసిన బస్తా దించేసరికి భుజాలు తేలికయ్యాయి. ఇన్నాళ్లూ ఆవిడ కూడా ఒక చెయ్యి వేసిందని ఇప్పుడే తెలిసింది. నవ్వు వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "కోపం రాలేదా?" అన్నాను.

"వచ్చింది. నీ మీద కాదు." ఆవిడ వేళ్లు కుర్చీ చేతి మీద ఆగాయి. "పాటలు నావి. ఆ మిషను ముందు కూర్చునేదాన్ని నేను. మీరంతా కలిసి దేవుణ్ణి అడిగారు. నన్నెవరూ అడగలేదు."

ఆవిడ కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాను. షాపు నుంచి ఫోన్ వచ్చిందని చెప్పి, "పది వేయించమంటావా, పదకొండా?" అని అడిగాను.

"నా పాటలు దేంట్లో వస్తాయి?"

"రెండింట్లోనూ. ఇప్పుడు తాళాలేం లేవు."

"పదకొండంటే ఏకాదశి. ఉపవాసం ఉండే మిషను కాదు కదా?"

"కరెంటు బాగానే తాగుతుంది."

"అయితే నీకేది కావాలి?"

ఆ ప్రశ్న నన్నూ ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. "పదకొండు" అన్నాను. "కొత్తదని. అంతకంటే కారణమేం లేదు."

"ఈ ముక్క ఆ రోజు నోరు తెరిచి అనుంటే నేనే సరే అనేదాన్నేమో" అని, కొంచెం ఆలోచించి, "అనేదాన్ని కాదులే. ఇద్దరం దెబ్బలాడుకునేవాళ్లం. అదైనా బాగుండేది" అంది. వేళ్లు మళ్లీ కదిలాయి. ఇద్దరం అన్నదంతా కుర్చీ చేతి మీద టైపవుతోంది.

చీటీ రేవుకి తీసుకెళ్లనా అని అడిగాను. "ఫైనల్ ప్రూఫు ఎవరైనా పారేస్తారా? ఎక్కడుందో అక్కడే పెట్టు" అంది. నల్ల ముక్క పక్కనే పెట్టి, ఈసారి సులువుగా వచ్చేలా మూత వదులుగా బిగించి, షాపుకి ఫోన్ చేశాను.

"పదకొండు వేసేయండి."

"మళ్లీ మార్చమనరు కదండి?"

"అననండి. ఇంట్లో అడిగే చెప్తున్నాను."